మేబెల్ కట్టుడు పళ్ళు

మేబెల్ హార్‌గ్రీవ్స్‌ను మీరు సినిమాల్లో చూసే ఉంటారు, పేరు తెలిసి ఉండదు. మురికి సందులో కిటికీలోంచి తిట్టే ముసలమ్మ, అనాథల సత్రంలో గంజి జుర్రుకునే ముసలమ్మ, ఉరితీత చూడ్డానికి ముందు వరసలో నిలబడి ఇకిలించే ముసలమ్మ, అందరూ మా మేబెలే. మొదటిసారి ముసలమ్మ అయినప్పుడు ఆమెకు ముప్పై ఏళ్ళు.

నేను స్టూడియోలో మేకప్ వేసేదాన్ని. ఇద్దరిదీ ఇంగ్లండు ఉత్తరాన లాంకషైరే. మా వైపు పెళ్ళికూతురికి పుట్టింటివాళ్ళిచ్చే కానుక ఏమిటంటే, బాగున్నా బాగలేకున్నా నోట్లో పళ్ళన్నీ పీకించి కట్టుడు పళ్ళు చేయించడం. రేపు మొగుడి నెత్తిన పళ్ళ డాక్టరు ఖర్చు పడకూడదని. మేబెల్‌కు ఇరవయ్యో ఏటే ఆ కానుక ముట్టింది. కొన్నాళ్ళకే మొగుడు యుద్ధంలో పోయాడు. పళ్ళు మిగిలాయి.

చిన్నాచితకా వేషాల కోసం స్టూడియో గేటు దగ్గర పడిగాపులు పడే రోజుల్లో, ఒకనాడు ముసలి వేషం వేయాల్సినావిడ రాలేదు. మేబెల్ అటు తిరిగి పళ్ళు తీసి ఇటు తిరిగింది. అందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వే ఆమె కొంప ముంచింది. ఆ తర్వాత పళ్ళున్న మేబెల్‌ను ఎవరూ పిలవలేదు.

బర్న్‌లీలో ఉండే అక్క ఎథెల్ చెల్లెలి ప్రతి సినిమాకూ వెళ్ళేది, సగంలో లేచి వచ్చేసేది. లండన్ వచ్చినప్పుడల్లా టీ తాగుతూ ఇదే గొడవ.

"ఆ బోసినోటిది మా చెల్లెలని ఇరుగుపొరుగుకి ఏ మొహం పెట్టుకుని చెప్పనే? నీది అచ్చం అమ్మ పోలిక. ఒక్కసారి ఆ మొహంతో కనబడవే, చాలు."

"కనబడతాలే అక్కా. మాటిస్తున్నా."

అరవై దాటాక ఆ మాట నిలబెట్టుకునే రోజు వచ్చింది. టీవీ నాటకంలో ఉన్ని దుకాణం నడిపే విధవ వేషం. ఎదురింటి గడియారాల ఆయన పెళ్ళాడతావా అని అడుగుతాడు, ఈవిడ కాసేపు ఆలోచించి ఒప్పుకుంటుంది. పళ్ళతోనే! మేబెల్ జుట్టు వంకీలు తిప్పించుకుని, ఎథెల్‌కు ఫోన్ చేసి మరీ చెప్పింది.

"ముడతలు గీయకే, ఉన్నవి చాలు" అంది నాతో. అద్దంలో చాలాసేపు చూసుకుంది. "అమ్మే" అంది.

కెమెరా తిరిగింది. "నన్నెందుకు అడుగుతున్నావు?" అనేసరికి పళ్ళు టక్కుమన్నాయి. చప్పుడు రికార్డు చేసే ఆయన చెవుల మీది తొడుగులు తీసి, "ఎవరయ్యా గుర్రాన్ని తోలుకొచ్చింది?" అన్నాడు. పళ్ళకు జిగురు రాశాను. మళ్ళీ టక్కు. పొద్దస్తమానం అదే తంతు. చివరికి డైరెక్టరు పెల్హామ్, మీసం సరిగా రాని కుర్రాడు, దగ్గరికొచ్చాడు.

"ఎందుకొచ్చిన బాధ మేబెల్ గారూ, తీసెయ్యండి. మీకు అలవాటేగా."

"ఇది పెళ్ళి మాట బాబూ. బోసినోటితో ఎలా చెప్పమంటావు? కావాలంటే పెదాలు కదపకుండా చెబుతాను."

"పెదాలు కదపకపోతే చెప్పేది ఎవరు, గుర్రమా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంకొక్కసారి చూడండి సార్" అన్నాను. పెల్హామ్ గడియారం చూసుకున్నాడు. మేబెల్ పళ్ళు తీసి నా అరచేతిలో పెట్టింది. వెచ్చగా ఉన్నాయి.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. మేబెల్ బతుకులో పండింది నవ్వొక్కటే. బోసినోటితో పెళ్ళికి ఒప్పుకున్న ఆ విధవను చూసి దేశమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. వీధి చివర చేపల కొట్టు క్రాబ్‌ట్రీ కూడా, "ఏదీ, ఒకసారి తీసి చూపించు బామ్మా!" అనేవాడు. పాపం, తీసి చూపించేది. "చూపించకపోతే పొగరంటారే" అనేది నాతో. చివరి ఏళ్ళల్లో పళ్ళు పెట్టుకోవడమే మానేసింది. ఎథెల్ మాత్రం నాటకం వచ్చిన రోజు మధ్యలోనే టీవీ కట్టేసింది. ఆ తర్వాత ఫోన్ చేయలేదు.

మొన్న ఫిబ్రవరిలో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి మేబెల్ పోయింది. శవపేటికల వాళ్ళ గదిలో, చూడవచ్చేవాళ్ళ కోసం పేటిక మూత తీసి ఉంచారు. బర్న్‌లీ నుంచి వచ్చిన ఎథెల్ చేతిరుమాలు విప్పి పళ్ళు నాకిచ్చింది.

"పెట్టు."

చిగుళ్ళు అరిగిపోయి పళ్ళు నిలవలేదు. దూది కూరి పెట్టాను. బుగ్గలు నిండాయి, పెదవి పైకి లేచింది. నా చేతి పనిలో అంత బాగా కుదిరిన మొహం ఇంకొకటి లేదు. ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఎథెల్ కుర్చీ దగ్గరికి లాక్కుని చెల్లెలి చెంప నిమిరింది. "ఇదిగో, ఇదే మా మేబెల్. ఇప్పుడు రమ్మను అందర్నీ."

తలుపు తీశాను. క్రాబ్‌ట్రీ టోపీ చేత పట్టుకుని, భార్య పూలతో, లోపలికొచ్చారు. పేటికలోకి ఒంగి చూశారు. మొహామొహాలు చూసుకున్నారు.

"ఏమీ అనుకోకండమ్మా, పొరబాటున వేరే గదిలోకి వచ్చాం" అన్నాడు క్రాబ్‌ట్రీ గొంతు తగ్గించి. "మేం మా మేబెల్ బామ్మను చూద్దామని వచ్చాం."

పూలు పట్టుకునే బయటికి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశారు.