డీజిల్‌లో ఉప్పు

అప్పట్లో నా పాత డీజిల్ కారు విశాఖ రైల్వే స్టేషన్ దగ్గర బాడుగకు తిరిగేది. మా ఇంట్లో సముద్రం మీదికి వెళ్లకుండా బతుకుతున్న మొదటివాణ్ణి నేనే. ఆ గొప్ప కాస్త ఎక్కువే ఉండేది.

ఒక పొద్దున తగరపువలసలో బాడుగ దింపి ఖాళీగా వస్తుంటే, ఆనందపురం దాటాక బండి వణకడం మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా లాగదు. వెనక లారీ హారన్ కొడుతూ మీదికొస్తోంది. ఇంజను పోతే నేనూ పడవెక్కాల్సిందే. రెండో గేరులో బతిమాలుకుంటూ ఎలాగో కంచరపాలెం మెకానిక్ షెడ్డుకి చేర్చాను.

నాజిల్స్ పోయాయా, పంపు పోయిందా అని నేను ప్రాణం తోడేస్తుంటే మెకానిక్ బానెట్ ఎత్తాడు. డీజిల్ ఫిల్టర్ అడుగునున్న స్క్రూ విప్పి, కారినదంతా సీసాలో పట్టి, గట్టు మీద పెట్టి టీ తాగాడు. టీ అయ్యేసరికి సీసా అడుగున రెండు వేళ్ల మందాన నీళ్లు దిగాయి. పైనున్న డీజిల్ వంపేసి, ఆ నీళ్లలో వేలు ముంచి నాలుకకి రాసుకుని ఉమ్మేశాడు.

"ఉప్పునీల్లు గురూ! కారుని సముద్రంలో దింపీసినావేటి? పంపుకేటీ కాలేదులే. ట్యాంకు కడిగీత్తే లాగుద్ది."

సంతోషించాల్సింది. నా గుండె జారిపోయింది.

ముందురోజు సాయంత్రం బంకుకి వెళ్లడానికి బద్ధకించి, మా అక్క గుడిసెలో ఉన్న పడవ డీజిల్ డ్రమ్ము నుంచి నేనే క్యాను నింపుకుని కారులో పోశాను. బావ అప్పుడింట్లో లేడు. ఒడ్డున ఉండే డ్రమ్ములో ఉప్పునీళ్లు ఎలాగూ చేరి అడుగున నిలుస్తాయి. అందుకే మావాళ్లు డ్రమ్ముని కదపరు, పైతేట మాత్రమే ముంచుకుంటారు. చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణే. తొందరలో డ్రమ్ముని అమాంతం వంచేసి, అడుగు నీళ్లని డీజిల్‌లో కలిపేశాను. అదే డ్రమ్ములోది పోసుకుని బావ తెల్లవారుజామున వేటకి వెళ్లి ఉంటాడు. నాకైతే రోడ్డు పక్కన ఆపుకోవడానికి చోటుంది. ఆయనకేముంది?

కారు అక్కడే వదిలేసి ఆటోలో ఒడ్డుకి పరిగెత్తాను. అక్క చేపల తట్ట పక్కన పెట్టుకుని, పడవ కోసం చూస్తూ ఇసుకలో కూర్చుని ఉంది.

"ఏట్రా, మొకం అలాగుంది?"

"ఏటీ లేదక్కా. కారు పాడైంది."

డ్రమ్ము సంగతి దాచాను. ఆమె పక్కనే కూర్చున్నాను. కనిపించిన ప్రతి పడవా మాదే అనుకున్నాను. దగ్గరికొస్తే ఎవరిదో అయ్యేది.

మధ్యాహ్నం దాటాక వచ్చింది మా పడవ. ఇంజను చక్కగా కొట్టుకుంటోంది. బావ దిగీ దిగకుండానే నన్ను చూశాడు.

"డ్రమ్ము జరిపింది నువ్వే కదేటి? ఇసకలో గుర్తు సూసినాను. పక్కోల్ల డీజిల్ పోయించుకుని ఎల్లాను. లేపోతే ఈపాటికి ఏ రాల్ల మీదుందునో!" అని నవ్వేశాడు.

అక్క నవ్వలేదు. నా వైపు తిరిగి చూసింది. సంగతి చెప్పకుండా అంతసేపూ తన పక్కన నేనెందుకు కూర్చున్నానో అప్పుడర్థమైంది ఆమెకి. ఆ రోజు నాకు అన్నం పెట్టింది గానీ ఒక్క మాటా మాట్లాడలేదు.