ఈల పడితే రోకలి ఆగాలి

ఆ రోజుల్లో కోడలు పగటిపూట కూర్చుంటే ఒంట్లో బాగోలేదేమో అనుకునేవారు. బాగానే ఉండి కూర్చుందని తెలిస్తే ఇక ఆ పూట ఇంట్లో ఎవరి మొహాలూ బాగుండేవి కావు. ఇప్పటి పిల్లలు ఫోను పట్టుకుని మధ్యాహ్నమంతా మంచం మీద వాలిపోతుంటే నాకు కోపం రాదండి, కాస్త కుళ్ళు వస్తుంది, అంతే. నేను కాపరానికొచ్చిన ఏడాది నాకూ అలాంటి భోగం ఒక్కపూట పట్టింది. పట్టించింది మా ఆయన కాదు (ఆయనకంత ధైర్యం ఎక్కడిది), భూమిలో పొరలూ పగుళ్ళూ వెతికే కంపెనీ.

మా పుట్టిల్లు తాడేపల్లిగూడెం. నన్నిచ్చింది మండవల్లి దగ్గర, కొల్లేటి అంచునున్న ఊరు. రెండో పంట దాళ్వా కోతలైపోయి, కాలవలు కట్టేసి, చేలు నెర్రెలిచ్చిన ఎండాకాలంలో ఊళ్ళోకి పెద్ద లారీలు దిగాయి. నేలలో నూనె, గ్యాసు ఎక్కడున్నాయో చూసేవాళ్ళట. చేలగట్ల మీదుగా మా దొడ్డి వెనక దాకా పొడుగ్గా తీగ పరిచారు. దాని పొడుగునా అరచేతిలో పట్టే డబ్బాలు, అడుగున మేకులు. వాటిని నేలలో గుచ్చారు. వాళ్ళు జియోఫోన్లనేవారు, మా ఊరివాళ్ళు నేలచెవులనేవారు. ఎక్కడో దూరంగా బోరు వేసి, అందులో మందు పెట్టి పేలిస్తే, ఆ చప్పుడు లోపలి పొరలకి తగిలి తిరిగొస్తుందట, ఈ చెవులు వింటాయట. మధ్యలో మన అడుగుల చప్పుడు కూడా వినేస్తాయట. అందుకని ఈల పడితే ఊరంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. మళ్ళీ ఈల పడేదాకా గేదెని కూడా కదలనివ్వకూడదు.

సరిగ్గా ఆవేళే మా ఇంట్లో ఆవకాయ. కాయలు మా పుట్టింటివి, మా నాన్న గోనెసంచుల్లో బస్సు మీద వేయించుకొచ్చి ఇచ్చినవి. పొద్దున్నే ముక్కలు కొట్టించి, తుడిచి, గుడ్డ మీద ఆరబెట్టేశాం. సాయంత్రానికి కారం, ఆవపిండి కలిపి జాడీకెత్తకపోతే ముక్క మెత్తబడుతుంది. మెత్తబడితే ఏడాది పొడుగునా కంచం ముందు కూర్చున్న ప్రతివాళ్ళూ ముందు కొత్త కోడలి చెయ్యంటారు, తర్వాత గూడెం కాయంటారు. అంటే నా పరువూ మా నాన్న పరువూ కలిసి ఆ గుడ్డ మీద ఆరుతున్నాయన్నమాట. అత్తయ్యగారు నాకు రోకలిచ్చి వసారాలో రోలు ముందు నిలబెట్టారు.

ఒక వాయి దంచానో లేదో ఈల పడింది. కంపెనీ మనిషొకాయన గోడవతలనుంచి, "అమ్మా, ఆ కారం దంచడం ఆపాలండి" అన్నాడు. ఆపాను. అత్తయ్యగారు నన్ను చూశారు, ముక్కల్ని చూశారు, పెరట్లోకి వెళ్ళిపోయారు. కదలొచ్చన్న ఈల పడి రోకలెత్తేలోపే మళ్ళీ ఆగమన్న ఈల, దాంతో గోడకి జారబడ్డాను. తర్వాతి ఈలకి కాళ్ళు చాపాను. ఆ తర్వాత, చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, కునుకు కూడా తీశాను. ముక్కలు మెత్తబడతాయన్న దిగులు లేకపోలేదు. దిగులుపడుతూనే నిద్రపోయాను.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఓ కుర్ర ఇంజినీరు, చేతిలో చప్పుళ్ళు గీతలుగా పడ్డ పొడుగాటి కాగితం. అత్తయ్యగారు కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు.

"అమ్మగారూ, ఈల వేశాక కూడా మీ ఇంటివైపునుంచి దడదడ వస్తోందండి. కాగితం నిండా అదే. ఇలాగైతే లైనంతా మళ్ళీ చెయ్యాలి. కాలవలకి నీళ్ళు వదిలేస్తే మా లారీలు చేలల్లోకి దిగవండి."

"మా కోడలు ఆపిందిగా నాయనా. ఆపడమేమిటి, గురక కూడా పెట్టింది."

"గురక కాదండి, ఇది బాగా బరువుగా ఉంది" అన్నాడతను, పాపం, మర్యాదగా. నేను కాలివేళ్ళు చూసుకున్నాను.

నేలచెవుల వరస పట్టుకుని పెరట్లోకి నడిచాడు. అక్కడ ఇంకో రోలు. అందులో సగం నలిగిన ఆవాలు, పక్కనే రోకలి.

"మరి ఇదేంటండీ?"

"ఆవాలు."

"ఈల పడితే దంచొద్దన్నాం కదండీ."

"మీ మనిషి కారం దంచొద్దన్నాడు బాబూ. కారం ఆపేశాం. ఆవాల మాట ఎవరెత్తారు?"

అతను పెరటి మెట్టు మీద కూలబడ్డాడు. అత్తయ్యగారికి జాలేసి మజ్జిగ ఇచ్చారు. తాగుతూ, చప్పుడు లోపలికెళ్ళి రావడం గురించి మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. "కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం, అలాగా?" అన్నారావిడ. అంతేనండీ అన్నాడు.

"అయితే దంచితే వినిపిస్తుంది. జల్లిస్తే?"

"జల్లెడ చేతుల్లోనే ఉంటుంది కదండీ. పర్లేదండి."

"ఆ ఈల ఇలా ఇయ్యి మరి. దంచిన వాయి జల్లెడలోకి తీశాక నేనే ఊదుతాను. మేం జల్లించుకునేలోపు మీరు పేల్చుకోండి."

ఇక చూడండి. సాయంత్రం దాకా కంపెనీ మా రోలుని బట్టి నడిచింది. అత్తయ్యగారు ఈల ఊదితే దూడని తోలుకెళ్ళేవాడు దూడతో సహా ఆగిపోయేవాడు. అంతవరకూ ఆవిడ మాటకి మావయ్యగారొక్కరే అలా కదలకుండా నిలబడేవారు. కంపెనీకి లైను పూర్తయింది, ఆవిడకి పని తెమిలింది. నష్టపోయింది నేనొక్కదాన్నే. ఈల పడగానే "ఏమ్మాయ్, జల్లెడ అందుకో", మళ్ళీ ఈల పడగానే "రోకలందుకో". దీపాలవేళకి జాడీ నిండింది. ముక్క ఏడాదంతా కరకరలాడింది. మా నాన్న పరువు నిలబడింది, నా నడుం మాత్రం రెండ్రోజులు నిలబడలేదు.

ఊరు విడిచి వెళ్ళేముందు ఇంజినీరు చెప్పి వెళ్ళడానికొస్తే, ఆవిడ చిన్న జాడీతో ఆవకాయ ఇచ్చారు. "మీ దొడ్డి కింద బాగా లోతున ఒక పొర విరిగి కాస్త కిందకి జారిందండి. చిన్న పగులే, భయమేం లేదు" అన్నాడు.

అత్తయ్యగారు రోలుకేసి చూసి గొంతు తగ్గించారు. "నా రోకలి వల్ల కాదు కదా నాయనా?"

"అయ్యో, కాదండీ. అది చాలా పాతదండి."

"అయితే మా అత్తగారిదై ఉంటుంది" అన్నారావిడ.

ఇప్పుడు కారం మిల్లులో పట్టించుకొస్తున్నాం. ఆవకాయ మా కోడలే కలుపుతుంది, బాగానే కలుపుతుంది. ఈ కథ తనకి చెప్పడమే నా పొరపాటు. నేను మోకాళ్ళు పట్టుకుని వంటింటి చుట్టూ తిరుగుతుంటే, "ఈల పడింది అత్తయ్యా, కూర్చోండి" అంటుంది. కూర్చుంటాను. గోడకి జారబడతాను, కాళ్ళు చాపుతాను. ఆ రోజు దొంగకునుకు తీసిన పిల్ల చూస్తే ఎంత కుళ్ళుకునేదో. కానీ కునుకు రాదండి. లేవమని ఇంకో ఈల ఎవరైనా వేస్తారేమోనని చెవి అటే పెట్టుకుని ఉంటాను.