కొత్త గేర్ల జరం

ఊర్లల్ల పోలీసు క్యాంపులు పడ్డ రోజులవి. జనగామల నేను నడిపే లారీకి వెనక ఇరుసు డిఫరెన్షియల్ల కొత్త గేర్లు వేసిన్రు. గేర్ల పండ్లు ఒకదానికొకటి అలవాటయ్యేదాక ఖాళీ బండిని మెల్లగ నడపాలె, పది మైళ్లకోసారి ఆపి పావుగంట చల్లారనియ్యాలె అన్నడు మేస్త్రి.

కేసముద్రం తొవ్వల ఒక ఊరి ముందట ఆపిన. పోలీసులు లారీలల్లనే దిగుతుండె గద, చప్పుడు ఇనంగనే ఊరంత చేన్లల్లకు ఉరికింది. నాకు మండింది. ఉన్నది నేనొక్కణ్నే.

ఉరకలేని ముసలవ్వ ఒకతె గడపల కూసున్నది. "ఎవరి కోసమొచ్చినవు బిడ్డా?" అన్నది.

"ఎవరి కోసం రాలే అవ్వా. గేర్లు వేడెక్కినయి, చల్లారాలె" అని, వెనక ఇరుసు మీద అరచెయ్యి పెట్టి చూపిచ్చిన.

అవ్వ కట్టె పట్టుకొని లేచొచ్చింది. పిల్లగాని నొసలు చూసినట్టు తనూ చెయ్యి పెట్టింది.

"జరం తగ్గింది, ఇగ పో బిడ్డా" అన్నది, చెయ్యి తియ్యకుంటనే. "పొయ్యి మీద గటుక ఉడికింది. పిల్లలు ఇంక తినలే. నువ్వు పోతెగని చేన్లకెల్లి రారు."

నేను మళ్ల చెయ్యి పెట్టి చూసిన. సుర్రుమంటున్నది.

అట్లనే ఎక్కి బండి తీసిన.