పద్దెనిమిది గంధపు గుండ్లు

క్రమశిక్షణ మీద ముప్పై ఏళ్లపాటు ఇతరులకు ఉపన్యాసాలిచ్చిన నన్ను, ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఒక సోమవారం ఉదయం నా సొంత తరగతిలోంచే బయట నిలబెట్టారు. ఆ అవమానం ఏ విధంగా జరిగిందో ఉన్నది ఉన్నట్టు వివరించడానికి పూనుకున్నాను. పాఠకులు నవ్వుకోవచ్చు, అభ్యంతరం లేదు. తోసుకోకుండా, ఒకరి తర్వాత ఒకరు నవ్వవలసిందిగా మాత్రం మనవి.

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. తిరుపతి కొండలు ఆకాశం అంచున నీలిగీతలా కనిపించే చిత్తూరు జిల్లా పల్లె ఒకదానిలో ఒకటో తరగతిని నాకు అప్పగించారు. నేటికీ కళ్లు మూసుకుంటే ముందుగా ఆ గీత కనిపిస్తుంది. తర్వాత వేరుశనగ చేల మీద పరుచుకున్న మంచు. ఆ మంచులోంచి పలకలు చంకన పెట్టుకుని ఒక్కొక్కరుగా వచ్చే పిల్లలు. వాళ్లు నడిచి వచ్చినట్టు నాకు జ్ఞాపకం లేదు. తేలి వచ్చినట్టే జ్ఞాపకం.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. నా చొక్కాకు పెట్టిన గంజి నాకంటే ముందు తరగతిలో ప్రవేశించేది. శిక్షణలో చెప్పిన మాట ఒకటి నా బుర్రలో అగరుధూపంలా తిరుగుతూ ఉండేది: పసిపిల్లలకు చదువును ఆటలో నేర్పాలి. నేను ఆటనూ నమ్మేవాణ్ణి, వరుసనూ నమ్మేవాణ్ణి. రెండింటినీ కలిపి ఒక పద్ధతి కనిపెట్టాను.

తరగతిలో పద్దెనిమిది మంది పిల్లలు. గుణింతం అవసరం లేకుండా చిన్నచిన్న మాటలు కట్టడానికి పనికివచ్చే పద్దెనిమిది అక్షరాలు ఎంచి, తలకొకటి పంచాను. ఒకడు ‘వ’, ఒకామె ‘ల’. నేను నల్లబల్ల మీద ‘వల’ అని రాస్తే, ఆ ఇద్దరూ వచ్చి పక్కపక్కన నిలబడాలి. తక్కినవారు వాళ్లను చూసి మాట చదవాలి. మొదటి నెల ఎవరి అక్షరం రాసిన పలక వారి మెడలో వేలాడేది. రెండో నెలలో పలకలు తీయించాను. ఎవరు ఏ అక్షరమో అందరికీ కంఠతా వచ్చేసింది. అందరికీ అన్నాను గాని, ఒక్కరిని మినహాయించాలి. ఆ ఒక్కరూ ఎవరో ఆ ఒక్కరికే తెలియదు.

పరుగులో ఒకరినొకరు తొక్కుకోకుండా నేనొక సవరణ కూడా చేర్చాను. నా కర్ర చూపించనిదే ఎవరూ లేవకూడదు. ఆటకు సవరణలు చేర్చే మనిషి ఎటువంటివాడో పాఠకులు ఇప్పటికే గ్రహించి ఉంటారు.

ఇక పేర్ల సంగతి. కొండ నీడన ఉన్న ఊళ్లలో దేవుడి పేర్లకు కొదవ లేదు, తక్కిన పేర్లకే కొదవ. నా హాజరుపట్టీలో ముగ్గురు వెంకటేశులు, ఇద్దరు శ్రీనివాసులు, నలుగురు మునెమ్మలు. “మునెమ్మా” అని పిలిస్తే ఒక వరుస వరుసంతా లేచి నిలబడేది. అందువల్ల పేర్లను విసర్జించి, జేబు పుస్తకంలో శాస్త్రీయంగా గుర్తులు రాసుకున్నాను. ప: రెండు జడలు, ఎర్ర రిబ్బను. ల: ఉంగరాల జుట్టు. క: ఒంటిజడ, కనకాంబరాలు. డ: పిలక. స: పుట్టినప్పటినుంచి కత్తెర తగలని జుట్టు. ఆ పుస్తకం నా రొమ్ము మీద జేబులో ఉన్నంతకాలం నేను సర్వజ్ఞుణ్ణి.

పిల్లలు ఆడుతున్నారన్న వార్త ఊరికి పాకింది. ఊరి పెద్ద చెంగల్రాయ నాయుడు వాకిట్లోకి వచ్చి నిలదీశాడు.

“ఏమి అయివోరూ, పిల్లోళ్ళు ఇంటికొచ్చి నేను గ, నేను ట అంటాండారు. ఈళ్ళను లేపేదానికీ కూసోబెట్టేదానికీ నువ్వెందుకు? మా యెద్దుల్ని తోలే పిలగాడు సాలడా?”

“చదువు వస్తోంది నాయుడుగారూ.”

“యాడొస్తాంది? బెత్తం సప్పుడే ఇనపడదే.”

ఆయన పైకి అర్జీ పెట్టాడు. ఇన్‌స్పెక్టరు గారు సోమవారం వస్తానని ఉత్తరం రాశారు. చదువు వచ్చినట్టు రుజువైతే ఆట సాగుతుంది. కాకపోతే ఆట రద్దు, బెత్తం పునఃప్రవేశం, నాకు బదిలీ. నేను గర్వంగా జవాబు రాశాను: మా పిల్లలు మెడలో పలకలైనా లేకుండా మాటలు కట్టి చదవగలరు. ఆ ఉత్తరం రాసిన చేతిని తర్వాత చాలాసార్లు కోపంగా చూసుకున్నాను.

ఆ శుక్రవారం నాయుడే మళ్లీ వచ్చాడు.

“అయివోరూ, రేపు లారీ మాట్లాడినాము. ఊరంతా కొండకు పోతాండాము. సెనిక్కాయ బాగా పండితే పిల్లాజెల్లా అందరం వస్తామని మొక్కుండాము.”

“సోమవారం ఒక్కరు తక్కువైనా నేను ఒప్పుకోను.”

“ఒక్కరూ తగ్గరు. ఆదివారం మాపటికే ఇండ్లల్లో ఉంటారు.”

“తలలు నున్నగా, శుభ్రంగా ఉండాలి.”

“అదంతా కొండమీదే అయిపోతాదిలే అయివోరూ,” అని నాయుడు నా వంక ఒకలా చూసి వెళ్లాడు.

మొక్కుకుని కొండకు వెళ్లినవాళ్లు అక్కడ ఏమి ఇచ్చి వస్తారో ఈ ప్రాంతంలో ఉయ్యాలలో బిడ్డకు కూడా తెలుసు. నేనూ రెండుసార్లు ఇచ్చి వచ్చినవాణ్ణే. కాని తెలిసిన సంగతి సమయానికి గుర్తుకు రావడం వేరే విద్య. దానిలో నాకు శిక్షణ లేదు.

సోమవారం మంచు ఇంకా విడలేదు. ఇన్‌స్పెక్టరు గారు తొలి బస్సులోనే దిగి, వరండాలో గొడుగు మీద చేతులానించి నిలబడి ఉన్నారు. ముందుగా గంధం వాసన వచ్చింది. ఆ వెనుక, తెల్లటి పొగమంచులోంచి పద్దెనిమిది పసుపుపచ్చని చందమామలు ఒకదాని వెంట ఒకటి ఉదయించాయి. ఒకే ఆకారం, ఒకే రంగు, ఒకే మెరుపు. నా జీవితంలో అంత క్రమబద్ధమైన తరగతిని చూడలేదు. నిజం ఒప్పుకుంటున్నాను, క్షణకాలం పరవశించాను కూడా. ఆ తర్వాత చెయ్యి జేబు పుస్తకం మీదికి వెళ్లింది. అక్కడే ఆగిపోయింది.

“ఏమప్పా, పలకలు కూడా అక్కర్లేదని రాసినావే,” అన్నారు ఇన్‌స్పెక్టరు గారు గదిలో కూర్చుంటూ. “ఏదీ, చూపించు.” ఆయనే లేచి నల్లబల్ల మీద ‘పలక’ అని రాశారు.

పద్దెనిమిది జతల కళ్లు నా కర్రకోసం ఎదురుచూశాయి. నేను ముందు వరుసలో ఒక గుండును చూపించాను.

“ప, లే.”

“నేను మ, అయివోరూ.”

“సరే. పక్కనున్న నువ్వు.”

“నేను గ. ప ఈ పొద్దు ఆడ కూసోండాది.”

“ఆడంటే ఎక్కడ?”

“ఆ గుండు పక్కన.”

అప్పుడైనా నిజం చెప్పి ఉండవలసింది. కాని నా గంజి చొక్కా అందుకు ఒప్పుకోలేదు. అధికారం ఉన్న గొంతుతో చెబితే అక్షరం కూడా మారుతుందన్న భ్రమ నాకుండేది.

కర్రను ఇంకో గుండు మీదికి తిప్పాను. “నువ్వే ప. వచ్చి నిలబడు.”

“నేను హ అయివోరూ,” అన్నాడు వాడు ఏడుపు గొంతుతో. “మా నాయనక్కూడా అదే సెప్పినాను.”

“నిలబడమన్నానా?”

వాడు వచ్చాడు. అదే పద్ధతిలో మరో ఇద్దరిని పిలిచాను. ముగ్గురూ వరుసగా, నిటారుగా నిలబడ్డారు. వరుసలో లోపం లేదు.

“చదవండి,” అన్నాను.

మా పిల్లలు నేర్చుకున్నది నేర్చుకున్నట్టు, ఒక్క గొంతుతో, నిర్దాక్షిణ్యంగా చదివారు. “హదట.”

ఇన్‌స్పెక్టరు గారు నల్లబల్ల వైపు, ముగ్గురి వైపు, నా వైపు చూశారు. “హదట అంటే ఏమప్పా?”

“పలక అండీ.”

ఆయన నిట్టూర్చి కలం మూత తీశారు. గదిలో ఆ మూత చప్పుడు ఎంత పెద్దగా వినిపించిందంటే, చేలల్లో పిచ్చుకలు కూడా ఆగినట్టనిపించింది. పిల్లలకు కూడా అర్థమైంది. ‘హ’ అయిన పిల్లవాడు మెల్లగా అడిగాడు. “ఆట తీసేస్తారా సార్?”

అప్పుడు నా కర్ర చూపించకుండానే ఒక గుండు లేచింది. ఆ గుండు నలుగురు మునెమ్మలలో చివరిదని ఈనాడు చెప్పగలను, ఆనాడు చెప్పలేను.

“సార్, అచ్చరాలన్నీ సరిగ్గానే ఉండాయి. మా అయివోరికే మేము తెలీదు.”

“తెలీదంటే ఏమమ్మా?”

“జుట్టు సూసి పిలుస్తాడు సార్. ఇప్పుడు జుట్టు కొండమీదుండాది.”

ఇన్‌స్పెక్టరు గారి మీసం ఒకసారి కదిలింది. “మరి ఇప్పుడేం చేద్దాం?”

మునెమ్మ కొంచెం ఆలోచించింది. “అయివోర్ని బయట నిలబెట్టండి సార్. అడ్డంగా ఉండాడు.”

ఆ విధంగా నేను వరండాలోకి వచ్చాను. కిటికీ చువ్వల మధ్యనుంచి చూస్తూ నిలబడ్డాను. కర్ర నా చేతిలోనే ఉండిపోయింది, లోపల దాని అవసరం ఎవరికీ కలగలేదు. మంచు విడి, లేత ఎండ గదిలోకి జారి, ఆ నున్నటి తలల మీద నూనెలా పరుచుకుంది. నల్లబల్ల మీద మాట పడగానే ముగ్గురు లేచేవారు, తోసుకోకుండానే పక్కపక్కన చేరేవారు. పలక. గడప. పడవ. నేను ఏనాడూ నేర్పని మాటలు కూడా అలా లేచి, నిలబడి, మళ్లీ కూర్చుంటున్నాయి. నిద్రలో ఎవరో దూరంగా పాడుతూంటే వింటున్నట్టుంది నాకు. ఆ పాటలో నా గొంతు లేకపోవడం ఎంత బాగుందో కూడా తోచింది.

చివరకు ఇన్‌స్పెక్టరు గారు ‘జడ’ అని రాశారు. రెండు గుండ్లు లేచి నిలబడ్డాయి. తరగతి చదివింది. తర్వాత ఆడపిల్లల చేతులన్నీ ఒకేసారి తలల మీదికి వెళ్లాయి, గదంతా నవ్వు. ఎవరో కిటికీలోంచి నన్ను చూపించారు. నవ్వు రెట్టింపయింది.

ఆయన బయటకు వచ్చి తనిఖీ పుస్తకం నా చేతికిచ్చి, గొడుగు తీసుకుని బస్సుకు వెళ్లిపోయారు. అందులో రాసింది ఇది: “పిల్లలకు చదవడం వచ్చినది. ఆట సాగించవచ్చును. ఉపాధ్యాయునికి మాత్రం పద్దెనిమిది అక్షరములలో ఒక్కటియు రాదు. వారము దినములలో అతనికి నేర్పవలసినదిగా పిల్లలను ఆదేశించడమైనది.”

ఆదేశం తు.చ. తప్పకుండా అమలయింది. వారం రోజులు నేను నేల మీద కూర్చున్నాను, వాళ్లు నా ముందు నిలబడ్డారు. “నా సెవి కింద మచ్చ సూడు అయివోరూ.” “నేను నవ్వితే సొట్ట పడతాది, నవ్వేదా?” శనివారం నాకు పరీక్ష పెట్టారు. రెండు తప్పులతో గట్టెక్కాను. ‘హ’ అయిన పిల్లవాణ్ణి మాత్రం మొదటిసారే గుర్తుపట్టాను. వాడు నన్ను క్షమించాడని అనుకుంటున్నాను.

కావున, స్వస్థచిత్తంతో, ఎవరి బలవంతమూ లేకుండా ఇందుమూలంగా ప్రమాణం చేయడమైనది: ఇకమీదట ఏ బిడ్డనూ తలమీద ఉన్నదాన్నిబట్టి గుర్తుపెట్టుకోను. కళ్లు చూస్తాను, సొట్ట చూస్తాను, పుట్టుమచ్చలకు విడిగా రిజిస్టరు తెరుస్తాను. పళ్ల జోలికి మాత్రం పోను. ఒకటో తరగతిలో అవి ఏ మొక్కూ లేకుండానే ఊడిపోతాయి.