ఇంజన్లకు వయసు పెట్టిన ఖాసిం పీరా

ఖాసిం పీరా సార్ ఇక లేరు. గుంతకల్లులో బండి దిగి, డ్రైవర్లు సేదతీరే రన్నింగ్ రూములో మొహం కడుక్కుని, చాయ్ గ్లాసు చేతికి తీసుకున్న క్షణాన ఈ దుర్వార్త నా చెవిన పడింది. శుక్రవారం నమాజు ముగించుకుని ఇంటికి వచ్చి, అన్నానికి కూర్చుని, గుండెలో ఏదో పట్టేసిందంటూ గోడకు ఆనుకున్నారట. అంతే. చెప్పిన మనిషిని నేను నమ్మలేదు. "ఏ పీరా? మన పీరానా?" అని గద్దించి మళ్లీ అడిగాను. మొన్న మొన్ననే ధర్మవరం బజారులో నన్ను నిలబెట్టి, కండ్లద్దాలు తుడుచుకోకుండా బండి నడుపుతున్నానని నలుగురిలో కడిగేసిన మనిషి ఆయన. అంత తిట్టిన నోరు ఇంతలోనే మూతపడిందంటే మనసు ఒప్పుకోలేదు. చాయ్ అక్కడే పెట్టేసి, దొరికిన బండి పట్టుకుని వచ్చాను. మట్టి ఇచ్చే వేళకు చేరగలిగాను. ఆ మాత్రం భాగ్యమైనా దక్కింది.

ధర్మవరం రైల్వే వాళ్లకు పీరా సార్‌ను నేను పరిచయం చేయనక్కరలేదు. తెలియని వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. ఆయన మడకశిర మనిషి. బొగ్గు ఇంజన్ల షెడ్డులో ఫిట్టరుగా చేరి, డీజిల్ ఇంజన్లు మా వైపు వస్తున్నాయనగానే ఆ విద్య నేర్చుకోవడానికి వెళ్లి, తిరిగి వచ్చి, మాలాంటి బొగ్గు డ్రైవర్లకు డీజిల్ పాఠం చెప్పే గురుపీఠం ఎక్కారు. పీఠం ఉంది, శిష్యులం ఉన్నాం, పాఠం చెప్పడానికి ఇంజన్ లేదు. వచ్చిన కొద్ది ఇంజన్లూ దారి మీదే తిరుగుతుండేవి. పీరా సార్ ఎవరినీ బతిమాలలేదు. కిరసనాయిలు డబ్బా రేకు, ఇత్తడి తగడు, రాగి తీగ, టంకం తెచ్చుకుని, చెయ్యి పొడుగున డీజిల్ ఇంజన్ నమూనా ఒకటి స్వయంగా తయారుచేశారు. పక్క తలుపులన్నీ తెరుచుకునేవి. లోపల యంత్రభాగాలన్నీ వాటి వాటి స్థానాల్లో కొలువుదీరి ఉండేవి. మెట్ల కమ్మీలు గుండుసూదంత సన్నం. ఎవరైనా దాన్ని బొమ్మ అన్నారో, అయిపోయారే. "బొమ్మ కాదప్పా, ఇంజనే. రోంత చిన్నది, అంతే" అనేవారు.

రంగు వేయడంతో ఇతరులకు పని ముగుస్తుంది. పీరా సార్‌కు అక్కడ మొదలయ్యేది. మిలమిల మెరిసే నమూనాను బల్ల మీద పెట్టుకుని, తల అటూ ఇటూ వంచి చూసి, "ఇప్పుడు దీనికి వయసు పెట్టాల" అనేవారు. ఆ మాట ఏ నిఘంటువులోనూ లేదు, మా షెడ్డులో మాత్రం చిరస్థాయిగా నిలిచిపోయింది. పొగగొట్టం మూతి దగ్గర దీపపు మసిని తుమ్మబంకతో అద్దేవారు. ఇనుప రజను పుల్లమజ్జిగలో నానబెట్టి, ఆ తుప్పును మెట్ల అంచులకు పూసేవారు. వార్నీషులో మసి కలిపి, తలుపుల కింద నూనె కారిన చారలు గీసేవారు. చివరన ఎర్రమన్ను మెత్తగా జల్లించి, అరచేతిలో పోసుకుని, పక్కనుంచి ఊదేవారు. ఆ మన్ను కోసం ఇంట్లో రొట్టెల పిండి జల్లెడ మాయమయ్యేది. సార్ భార్య ఖైరున్బీ అక్క నాతో మొరపెట్టుకునేది. "సూడు నరసిమ్ములూ, మీ సారుకు నేను జేసే రొట్టె ఎట్లున్నా పర్వాలేదంట, ఇంజన్ మీద మన్ను మాత్రం మెత్తగ ఉండాలంట." సార్ వినీ విననట్టు ఊదుకుంటూ కూర్చునేవారు.

ఇదంతా అలంకార వ్యామోహం అనుకుంటే ఆయన ప్రజ్ఞను తక్కువ చేసినట్టే. మా అనంతపురం సీమలో వానకు కరువు గానీ దుమ్ముకు కరువు లేదు. నూనె చెమ్మ ఉన్నచోట ఆ దుమ్ము పట్టుకుని అట్టలు కడుతుంది, పొడిగా ఉన్నచోట రాలిపోతుంది. కనుక ఇంజన్ ఒంటిమీద మరక ఎక్కడ ఉందో చూస్తే లోపల జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది. నీళ్లు కారి ఎండితే పాలిపోయిన చార, నూనె కారితే నల్లటి చార. పైన మసి మరీ దట్టంగా ఉంటే లోపల మంట సరిగా లేదని అర్థం. "ఇంజన్ తన రోగం తానే ఒంటిమీద రాసుకుంటాదప్పా. అది సదివేటోనికే బండి ఇయ్యాల" అనేవారు. నేను ఇప్పటికీ బండి ఎక్కే ముందు ఒక చుట్టు తిరిగి చూసుకుంటాను. ఆ అలవాటు ఆయన పెట్టిన భిక్ష.

సరిహద్దు మనిషి కావడంతో ఆయన తెలుగులో కన్నడం పుష్కలంగా కలిసేది. మేము 'చాలు' అనే చోట ఆయన 'సాకు' అనేవారు. క్లాసులో కొత్తగా చేరిన ఒక డ్రైవరు ఎక్కడో గోదావరి వైపు నుంచి బదిలీ మీద వచ్చాడు. అతణ్ని సార్ ప్రశ్న అడిగారు, అతను గడగడా చెప్పుకుపోతున్నాడు. జవాబు సరిపోయిందని సార్ "సాకు, సాకు" అన్నారు. ఆ మనిషి మొహం ఎర్రబడింది. "సాకులు చెప్పడం లేదండీ, నిజంగానే చదువుకుని వచ్చాను" అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది. సార్ మాత్రం నవ్వకుండా, "నీ జవాబుకు నూటికి నూరు. నా తెలుగుకు నువ్వేసుకో మార్కులు" అన్నారు. ఆ తర్వాత కూడా ఆ మాట మానలేదనుకోండి. వినయం ఆయన గుణాల్లో లేదు. తన పని మీద తనకున్న నమ్మకాన్ని దాచుకోవాలని ఆయనకు ఏనాడూ తోచలేదు.

బొగ్గు పార పట్టిన మా వేళ్లు మొరటువి. కమ్మీలు విరగ్గొట్టేవాళ్లం, తలుపుల కీళ్లు ఊడబెరికేవాళ్లం. విరిగిన ముక్క పట్టుకుని దొంగల్లా నిలబడితే, సార్ కుంపటి రాజేసి, టంకం కాల్చి అతికేవారు. అతికిన చోట రంగు వేసి కప్పిపెట్టేవారు కాదు. ఎందుకని అడిగాను. "షెడ్డులో అతుకు లేని ఇంజన్ యాడుండాదో సూపీ, నేను కప్పిపెడతా" అన్నారు.

ఇక ఓబులేసన్న సంగతి చెప్పాలి. ఆయనది బత్తలపల్లె. మా అందరిలో పెద్దవాడు, బొగ్గు ఇంజన్ మీద అపర భగీరథుడు. ఎంత తడి బొగ్గు ఇచ్చినా ఆవిరి పుట్టించేవాడు. చెవి పెట్టి విని ఇంజన్ ఆరోగ్యం చెప్పేవాడు. అలాంటివాడు డీజిల్ దగ్గర చతికిలబడ్డాడు. "ఇది మూసిన పెట్టె నరసిమ్ములూ. దీనికి మొగమే లేదు. ఏమని సూసేది?" అని వాపోయేవాడు. ఇంగ్లీషు పేర్లు నాలుక మీద నిలిచేవి కావు. పరీక్షలో ఒకసారి తప్పాడు. ఈసారీ తప్పితే ఇక మెయిన్ లైన్ లేదు, రిటైరయ్యే దాకా యార్డులో డబ్బాలు అటూ ఇటూ తోసుకోవడమే. జీవితమంతా ప్యాసింజరు బండి నడిపిన మనిషికి అది ఎంత అవమానమో డ్రైవరు అయినవాడికే తెలుస్తుంది. మేమంతా దిగులు పడ్డాం. సార్ పడలేదు. "ఓబులేసన్న పాసయితాడు. ఆయన కాకుంటే నా పాఠం ఫెయిలయినట్లే" అని తేల్చేశారు.

పరీక్ష దగ్గర పడింది. దానికి ముందే ఆయుధపూజ వచ్చింది. షెడ్డులో ఇంజన్లను కడిగి, బంతిపూలు కట్టి, గుమ్మడికాయ కొట్టడం మాకు ఆనవాయితీ. సార్ ప్రతి ఏడూ వచ్చి, బొరుగులు బెల్లం తిని వెళ్లేవారు. ఆ ఏడు వచ్చేసరికి క్లాసు బల్ల మీద నమూనా ఇంజన్ ధగధగలాడుతోంది! రేకు మీద రంగు మెరుస్తోంది, ఇత్తడి తళుక్కుమంటోంది, ముందు పక్క పసుపు, కుంకుమ బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు. కిరసనాయిలుతో తుడిచి, చింతపండుతో తోమిన పని అది. వయసంతా పోయింది.

"ఎవురప్పా ఈ పుణ్యాత్ముడు?" అన్నారు సార్.

"నేనే సార్!" ఓబులేసన్న చేతులు జోడించుకుని ముందుకొచ్చాడు. "సదువులతల్లి గదా, ఊరికే ఉంచితే ఎట్లని. సూడు, ఎట్ల మెరుస్తాండాదో."

సార్ వంగి నలువైపులా చూశారు. "బొట్టు పెట్టినావు, పూలు పెట్టినావు, అన్నీ బాగుండాది. దీని నాలుక కోసేసినావు గదన్నా" అన్నారు.

ఓబులేసన్నకు అర్థం కాలేదు. ఆ నమూనాకు సార్ వయసు పెట్టింది ఆయన క్లాసుకు రాకముందు. నేనే చెప్పాను, అవి మురికి కాదనీ, సార్ చేత్తో పెట్టిన మరకలనీ. ఆయన మొహం మాడిపోయింది. "పెట్టినేవా? అయ్యో సార్! ఇన్ని దినాలు అందురి చేతులు పడి నిజంగా మైలపడిందనుకుంటి. నూనె వాసన గూడా వచ్చినట్లుండె నాకు" అన్నాడు. కండ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు సార్ నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతూనే ఉంది. "ఇన్నేండ్లు ఇంజన్ మీద బతికిన డ్రైవరే నిజమనుకున్నెంక, నా పనికి ఇంతకన్నా మెప్పు యాడ దొరుకుతాదప్పా?" అని, ఇంకో గుప్పెడు బొరుగులు నోట్లో వేసుకున్నారు. తర్వాత కుంచె తీసి ఓబులేసన్న చేతిలో పెట్టారు. "కడిగినేది నువ్వు. మళ్లా వయసు పెట్టేది గూడా నువ్వే. రేపు పొద్దున రా."

మరునాడు గురుశిష్యులిద్దరూ బల్లకు చెరో పక్క కూర్చున్నారు. మేము చుట్టూ మూగాం.

"ఈ తలుపు కింద ఏముండె?"

"సన్నగ నల్లటి చార ఉండె సార్."

"నేరుగా దిగిందా, వాలిందా?"

ఓబులేసన్న కండ్లు మూసుకున్నాడు. "వెనక్కి వాలింది. ఆ కొస తలుపు కిందిది మాత్రం నేరుగా దిగింది."

"ఎందుకు?"

ఉన్నట్టుండి కండ్లు తెరిచాడు. "సార్! వాలినేది బండి పరుగులో ఉన్నెప్పుడు కారింది. గాలికి వెనక్కి పోయినాది. నేరుగా దిగినేది నిలబడినప్పుడు గూడా కారతాండాది. అంటే ఇదేమో ఒత్తిడి ఎక్కితేనే కారే జబ్బు, అదేమో ఎప్పుడూ కారే జబ్బు. మా బొగ్గు ఇంజన్‌కు గూడా ఇట్లనే గదా!"

"మొగం లేదంటివి. ఇదేమి మరి?" అన్నారు సార్.

ఆ రోజు మొదలు పరీక్ష దాకా ఓబులేసన్న కుంచె వదలలేదు. మరక పక్కకు పోతే, గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టేవాడు. ఏ మరక ఎక్కడ ఉండేదో ఒక్కటీ మరవలేదు. దాని వెనక కథ తెలిశాక, లోపలి భాగం పేరు కూడా నాలుక మీద నిలబడింది. వంకరగానే పలికేవాడు, కానీ తప్పు పలికేవాడు కాదు.

పరీక్ష చేయడానికి వచ్చిన అధికారి నిదానస్థుడు. నమూనాను చూసి ముచ్చటపడి, దాని మీదే ప్రశ్నలు వేశాడు. ఒక్కో మరక మీద వేలు పెట్టడం, ఓబులేసన్న దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం. చివరికి ఆ అధికారి శుభ్రంగా ఉన్న ఒక చోట వేలు పెట్టాడు. "ఇక్కడ మరక లేదే. ఉంటే ఏం చేస్తావు?" అన్నాడు.

"ఆడ మరక ఉంటే నేను ఆ బండి ఎక్కను సార్. మిమ్మల్నీ ఎక్కనీను" అన్నాడు ఓబులేసన్న.

అధికారి గట్టిగా నవ్వి పాస్ చేశాడు. గది బయట నిలబడిన పీరా సార్ లోపలికి తొంగి కూడా చూడలేదు. ఫలితం చెప్పడానికి పరుగెత్తుకొచ్చిన నాతో, "తెలుసులేప్పా, సాకు" అన్నారు.

ఆ తర్వాత సార్ చేతిలో ఎన్నో నమూనాలు తయారయ్యాయి. ఎందరో ఆయన దగ్గర నేర్చుకుని డీజిల్ ఎక్కారు, నేనూ వారిలో ఒకణ్ని. నమూనాలు చేసేవాళ్లు ఇకపైనా పుడతారు, ఇంతకన్నా నాజూకుగానూ చేస్తారేమో. కానీ ఒక మరకను చూపించి మనిషికి మళ్లీ తన మీద తనకు నమ్మకం కలిగించగల ఆచార్యుడు మాకు ఇక దొరకడు. ఇది శోకంలో అంటున్న మాట కాదు. ఆయన శిష్యుడిగా తెలిసి అంటున్న మాట.

మట్టి ఇచ్చిన రోజు ఓబులేసన్న డ్యూటీలో ఉన్నాడు. కబురు అందేసరికి అంతా ముగిసిపోయింది. ఆ వారంలోనే ఆయన రిటైరయ్యాడు. యార్డులో కాదు, మెయిన్ లైన్ మీద, ప్యాసింజరు డ్రైవరుగానే. చివరి ట్రిప్పు ముగించి ధర్మవరంలో బండి ఆపితే, మేమంతా ప్లాట్‌ఫారం మీద గులాబీ దండ వేసి, నాలుగు మాటలు చెప్పమన్నాం. ఆయన దండ మెడలోంచి తీసి చేత పట్టుకున్నాడు. "ఇది నాది కాదప్పా" అని, యూనిఫారంతోనే స్టేషను బయటికి నడిచాడు. మేమూ వెనకాలే పోయాం. ఖబరస్థాన్‌లో మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. దండ దాని మీద పరిచి, పై అధికారి ముందు నిలబడినట్టు నిటారుగా నిలబడ్డాడు.

"సార్, బండి సరిగ్గా తెచ్చి అప్పజెప్పినా. నేనింక దిగినా" అన్నాడు.

బదులు వస్తుందేమోనన్నట్టు ఆయన అలాగే నిలబడి ఉన్నాడు. మాకెవరికీ ఆయనను రమ్మని పిలిచే ధైర్యం చాలలేదు.