ఆ రోజు ఎవరి తలా తడవలేదు

దయ్యాల మాట నేను ఎన్నడూ నమ్మినదాన్ని కాదు. అపవిత్రాత్మలు ఉన్నాయని వాక్యం చెబుతుంది, దాన్ని కాదనను. కానీ ప్రభువును నమ్ముకున్నవాళ్ళ జోలికి అవి రాలేవని ఆదివారం బడిలో నేర్చుకున్నాను. ఇప్పటికీ అదే నమ్ముతున్నాను. గండికోట లోయలో కేకలు వినబడతాయని జనం చెప్పుకుంటే నవ్వేదాన్ని. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్ళు వెనకాడాను. చదివినవాళ్ళు నన్ను విశ్వాసం తప్పినదాన్ని అనుకుంటే అనుకోనీ.

ఇది ఇప్పుడు జరుగుతున్న ఈ ప్రపంచ యుద్ధం మొదలుకాక ముందు జరిగింది. నేను మిషన్ ఆసుపత్రిలో నర్సుగా ఉండేదాన్ని. పెళ్ళయిన కొంతకాలానికే నా భర్త కలరాతో పోతే, దొరసాని డాక్టరమ్మ నన్ను చేరదీసి పని నేర్పింది. నాకు వేరే పని రాదు, వేరే ఆధారమూ లేదు. పైగా అది దేవుడు నాకిచ్చిన పిలుపు అని నా నమ్మకం.

ఎర్రగుంట్ల దగ్గర ఒక పల్లెలో, పెద్ద రైతు ఇంట్లో ముసలావిడకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. ఆసుపత్రికి తీసుకురాలేము, ఇంట్లో ఉండి చూసుకునే మనిషిని పంపండి అని కబురు చేశారు. ఆ ఊళ్ళో అంతవరకు ఒక్క పెద్దిల్లు కూడా మాకు తలుపు తీయలేదు. మా పాస్టరయ్య సంతోషంతో ప్రార్థన చేసి నన్ను బండెక్కించాడు.

మా తాత కాలంలో మా మాలపల్లె మొత్తం క్రైస్తవ సంఘంలో చేరింది. పేర్లు మారినా ఆ ఊరివాళ్ళ కంటికి మేము మాలపల్లెవాళ్ళమే. ఆ ఇంట్లో నన్ను ఎవరూ ముట్టరు. నా కొంగు తగిలినా తలమీదుగా నీళ్ళు పోసుకుని, కట్టుకున్న చీర తడిపి ఆరేసుకోవాల్సిందే. పశువుల కొట్టం పక్క గదిలో ముసలావిడ మంచం వేశారు. కొట్టం వైపు తలుపే నాకు దారి.

నేను ముట్టిన ముసలావిడను కూడా ఎవరూ ముట్టేవాళ్ళు కాదు. ఎండాకాలం, బావులు అడుగంటాయి. మాటిమాటికీ స్నానాలకు నీళ్ళెక్కడివి? అందుకని ఆమె కొడుకు గడప అవతలే నిలబడి, "ఎట్లుండావు మా" అని అడిగి పోయేవాడు.

ముసలావిడకు ఆ కడుపుమంట నామీదే.

"నువ్వొచ్చినప్పట్నుంచి నా కొడుకు నన్ను ముట్టల్యా. నా బిడ్డను నాకు కాకుండా చేస్తివి గదే," అని పళ్ళు కొరికేది. మందు నోట్లో పోస్తే నా ముఖం మీద ఉమ్మేది. పక్క మారుద్దామని వంగితే, బాగున్న ఎడమచేత్తో జుట్టు పట్టుకుని గుంజేది. ఒకసారి ఇత్తడి చెంబు విసిరితే కనుబొమ్మ చిట్లింది.

కోడలు ఓబుళమ్మ గడప దగ్గర నిలబడి చూసింది. "ముసిల్ది కొడితే ఏమైతాదమ్మే? పడేదానికే గదా వచ్చినావు," అంది. పక్కనున్న పనిమనిషి కిసుక్కున నవ్వింది.

రోగి కొట్టడం మాకు కొత్త కాదు. బాధలో ఉన్న మనిషి అని ఓర్చుకున్నాను. ఓర్చుకోలేకపోయింది తర్వాత జరిగినదాన్ని.

ఒక మధ్యాహ్నం గది ఆ మూలన కూర్చుని బేసినులో గుడ్డలు పిండుతున్నాను. మంచం ఈ మూలన ఉంది. ముసలావిడ గురక పెడుతోంది. ఉన్నట్టుండి నా వీపు మీద చరిచినట్టు దెబ్బ పడింది. ముందుకు తూలి బేసిను అంచుకు గడ్డం కొట్టుకున్నాను. తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఇంటి లోపల నడవలో ఓబుళమ్మ కొర్రలు చెరుగుతున్న చప్పుడు వినబడింది.

అది ఒక్కసారితో పోలేదు. మళ్ళీ మళ్ళీ జరిగింది, ఎప్పుడూ పగటిపూటే, ఎప్పుడూ వెనక నుంచే.

నేను ఓబుళమ్మనే అనుమానించాను. చప్పుడు లేకుండా వచ్చి కొట్టి, చేట దగ్గరికి పోయి కూర్చుంటోంది అనుకున్నాను. అయితే నన్ను చేత్తో కొట్టిన మనిషి స్నానం చేయక తప్పదు. దెబ్బ పడిన ప్రతిసారీ కొట్టం వైపు నుంచి పెరట్లోకి పోయి చూసేదాన్ని. నీళ్ళు పోసుకునే బండలు ఎండకు కాలుతూ ఉండేవి. దండెం మీద తడి చీర ఉండేది కాదు. ఓబుళమ్మ తల చూశాను, పనిమనిషి తల చూశాను. నూనె రాసి దువ్విన జుట్టు దువ్వినట్టే ఉండేది. చాటుగా స్నానం చేశారనుకోవడానికీ లేదు. ఆ కరువులో ఒక్క బిందె తరిగినా ఇంట్లో పంచాయితీ జరిగేది. పోనీ, స్నానం మానేసి దాచిపెట్టారా అంటే, ఆ మైలతో వంటింట్లో అడుగుపెట్టడం ఓబుళమ్మకు నన్ను చంపడం కన్నా పెద్ద పాపం.

నా అనుమానానికి అంతు లేకుండా పోయింది. పైనుంచి నా ఆకులో వేసే సంగటిలో ఏమైనా కలిపారేమో అనుకున్నాను. ముసలావిడకు నిజంగా చెయ్యి పడిపోలేదేమోనని, నిద్రపోతున్నప్పుడు ఆ కుడిచేతి మీద సూది గుచ్చి చూశాను. చెయ్యి కదల్లేదు. ఈ ఇంటి తలుపు మూసుకుపోకూడదని పాస్టరయ్య అన్నీ తెలిసే నన్ను ఇక్కడ ఉంచాడా అని కూడా అనుకున్నాను. గోడకు వీపు ఆనించి కూర్చుని అన్నం తినేదాన్ని. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. అన్నిటికన్నా నన్ను భయపెట్టిందేమంటే, ప్రార్థనలో కళ్ళు మూసుకోలేకపోయాను. మూస్తే వెనక ఎవరో నిలబడినట్టే ఉండేది.

ఒక ఆదివారం ప్రార్థనకు వెళ్తే పాస్టరమ్మ నా వీపు చూసి, వేళ్ళ అచ్చుల్లా ఉన్నాయంది. మళ్ళీ తనే, నులకమంచం మీద పడుకుంటే ఇట్లాగే అవుతుందిలే అని సర్దేసింది. పాస్టరయ్య నాకోసం ఉపవాసం ఉన్నాడు గాని, ఈ మాట ఎవరికీ చెప్పవద్దన్నాడు. డాక్టరమ్మ నాడి చూసి నరాలు బలహీనపడ్డాయంది.

"మనసు కుదుటలేని మనిషిని రోగుల దగ్గర పెట్టలేను," అని నన్ను ఆ ఇంటి నుంచి పిలిపించి, ఆసుపత్రి వెనక కట్టుగుడ్డలు ఉడకబెట్టే పనిలో వేసింది. ఆ ఇంటికి వేరే మనిషిని పంపలేదు.

నాకు పిచ్చి పట్టిందని ఆసుపత్రిలో అందరూ అనుకున్నారు. నాకూ అదే అనుమానం ఉండేది.

వానలు మొదలవక ముందు ఓబుళమ్మ మందుల కోసమని బండి కట్టించుకుని వచ్చింది. నన్ను వెతుక్కుంటూ ఆసుపత్రి వెనక వైపుకు వచ్చింది. మనిషి చిక్కిపోయింది.

"నేనే కొడ్తి అనుకుంటివి గదా?" అంది.

నేను చేతిలోని తడి గుడ్డ పిండాను.

"నువ్వు ఈడికి వచ్చేస్తివి. అది మా ఇంట్లోంచి పోల్యా. ఇప్పుడు ముసిల్దాన్ని చూసేది నేనే, దెబ్బలు తినేదీ నేనే."

"ఆ మాట డాక్టరమ్మతో ఒక్కసారి చెప్పండమ్మా. నా పని నాకు దక్కుతుంది," అని బతిమాలాను.

"మా ఇంటి మాట ఈడ చెప్పుకుంటే మా ఆయప్ప నన్ను బతకనిస్తాడా? నువ్వే మళ్ళా రా. నీకైతే అలవాటు గదా."

ఆ చివరి మాటతో నా అనుమానం మళ్ళీ లేచింది. చాకిరీ చేయలేక, నన్ను తీసుకుపోవడానికి ఈ కథ అల్లుకొచ్చిందనుకున్నాను. రానని చెప్పాను.

అప్పుడు వినబడింది ఆ చప్పుడు, చాచి కొట్టిన చప్పుడు. ఓబుళమ్మ ముందుకు తూలి నామీద పడింది. నా రెండు భుజాలు గట్టిగా పట్టుకుంది. ఆమె వెనక ఎండలో కట్టుగుడ్డలు ఆరుతున్నాయి తప్ప మనిషి లేడు. నేను కళ్ళారా చూశాను.

ఓబుళమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. దెబ్బ కొత్తయినవాళ్ళు తిరిగి చూస్తారు. నటించేవాళ్ళు తప్పకుండా చూస్తారు. రోజూ తినేవాళ్ళు చూడరు. ఆ ఇంట్లో చివరి రోజుల్లో నేనూ చూడడం మానేశాను.

అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. సైతాను పని అని పాస్టరయ్య అన్నాడు, నరాలు అని డాక్టరమ్మ అంది. ఆ రెండు మాటలకూ నా మనసు ఒప్పలేదు. రోగుల దగ్గరికి నన్ను మళ్ళీ ఎవరూ పంపలేదు. కానీ నాకు పిచ్చి లేదని ఆ రోజు తెలిసింది. ఆ సంగతి తెలిసిన ఇంకొక్క మనిషి కొంగుతో ముఖం తుడుచుకుని, బండెక్కి, ఆ ఇంటికే తిరిగి వెళ్ళిపోయింది.