పార్చ్‌మెంట్ కాగితం మీద నూనె వలయాలు

ఆ బిస్కెట్ల కొలతలు కార్డు చూడకుండా ఇప్పటికీ చెప్పగలను. ఓట్స్ నూట ఇరవై గ్రాములు, ఎండుకొబ్బరి తురుము డెబ్బై, మైదా తొంభై, బ్రౌన్ షుగర్ నూరు, వెన్న తొంభై, తేనె రెండు చెంచాలు, వంటసోడా అర చెంచా. మూడు వందల ఇరవై అయిదు ఫారెన్‌హీట్ డిగ్రీల ఓవెన్‌లో పదకొండు నిమిషాలు. ఒక్క నిమిషం ఎక్కువైతే అంచులతో పాటు నడిభాగం కూడా కరకరలాడుతుంది. సమయానికి తీస్తే నడిమి భాగం ఉడకనట్టే కనిపిస్తుంది కాని, చల్లారాక నమిలేటప్పుడు సాగుతుంది. మా అమ్మాయికి సాగేవే కావాలి.

అప్పుడు ఆమెకు పదిహేనేళ్ళు. వేసవి సెలవుల్లో మొదట అన్నం మానేసింది. తరువాత పోపు వేసిన పప్పు, ఆ తరువాత తాను తూచలేనిది ఏదైనా సరే మానేసింది. బడికి కట్టిన డబ్బా కట్టినట్టే తిరిగి వచ్చేది. డాక్టరు ఆ జబ్బు పేరు చెప్పి, బరువు ఇలాగే తగ్గుతూ పోతే ఆసుపత్రిలో చేర్చక తప్పదన్నారు.

ఆ రోజుల్లో ఆమె నోరు తెరిచి అడిగిన తినుబండారం ఈ బిస్కెట్ ఒక్కటే. దానికొక షరతు పెట్టింది. కొలతలన్నీ కార్డు మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాలి. తనకు చెప్పకుండా అందులో ఏదీ మార్చకూడదు. నేను ఒప్పుకున్నాను. ప్రతి శనివారం పద్దెనిమిది చేసేదాన్ని. రోజూ బడి నుంచి వచ్చి ఒకటి తీసి, వంటింట్లోని చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు మీద పెట్టి, అంకె చూసి, అరగంటసేపు కూర్చుని తినేది.

అరిజోనాలో మా ఊరు చాండ్లర్‌లో సెప్టెంబరు కూడా ఎండాకాలమే. మిట్టమధ్యాహ్నం ఓవెన్ వెలిగిస్తే ఏసీ చల్లబరచలేక ఆయాసపడేది. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి, "మేడమ్ గారూ, మీ ల్యాబ్‌లో ఒక బర్నర్ ఖాళీగా ఉంటే టీ పెట్టుకుంటాను, పర్మిషన్ ఇప్పిస్తారా?" అనేవారు. అమ్మాయి నవ్వేది. ఆ నవ్వు కోసమే ఆయన ప్రతి శనివారం అదే మాట అనేవారని నాకు తెలుసు.

క్లినిక్‌లో ఆహార నిపుణురాలు నాతో విడిగా రెండు వాక్యాలు చెప్పింది: బిస్కెట్లలో కొవ్వు పెంచండి, ఆమెకు చెప్పి పెంచండి. నేను మొదటిదే పాటించాను. చెబితే ఆ ఒక్కటీ మానేస్తుందన్న భయం ఒక కారణం. రెండో కారణం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది: చెప్పకుండానే నెగ్గుకు రాగలనన్న నమ్మకం. నా ఉద్యోగం చిప్పుల తయారీలో. సిలికాన్ పలకల మీద పరిచే పొరల మందం విడత విడతకూ ఎంత మారుతోందో కొలవడం, ఎందుకు మారిందో కనిపెట్టడం నా పని. మార్పును పట్టుకోగలిగినదానికి దాచడం ఏమంత కష్టమనుకున్నాను.

కరిగించిన వెన్నలో మొదటి వారం ఇరవై గ్రాముల కొబ్బరినూనె కలిపాను, రెండో వారం ముప్ఫై అయిదు. కొబ్బరి వాసనలో కొబ్బరి వాసన కలిసిపోయింది. పిండి మరీ పలచబడకుండా గుప్పెడు ఓట్స్ ఎక్కువ వేశాను. ఉండలన్నిటినీ ఎప్పటి బరువుకే తూచి చేశాను కనుక ఆమె త్రాసు మీద ఎప్పటి అంకే కనిపించింది. లోపల ఏముందో త్రాసు చెప్పదు. ఆ రెండు వారాలూ క్లినిక్‌లో ఆమె బరువు తగ్గలేదు. కారులో తిరిగి వస్తూ కూనిరాగం తీశాను కూడా.

మూడో శనివారం ట్రే చల్లారుతుండగా ఆమె వచ్చింది. బిస్కెట్లు అంటుకోకుండా ట్రేలో పరిచే పార్చ్‌మెంట్ కాగితాన్ని ఒక్కసారికే పారేయడం నాకు మనసొప్పదు. మూడు నాలుగు విడతలు వాడతాను. నాలోని ఆ పొదుపే నన్ను పట్టించింది. పాత విడతల బిస్కెట్లు కాగితం మీద గుండ్రటి మరకలు వదిలాయి. ఆమె ఒక కొత్త బిస్కెట్‌ను పక్కకు జరిపి, కాసేపు చూసి, తన గదిలోంచి స్కేలు తెచ్చింది.

"అమ్మా, ఈ ఓల్డ్ సర్కిల్ సిక్స్ సెంటీమీటర్స్ ఉంది. ఇది సెవెన్. చుట్టూ ఆయిల్ కూడా ఉంది, చూడు."

"ఓవెన్ వేడి ఒక్కోసారి ఒక్కోలా ఉంటుందమ్మా."

"థర్మామీటర్ లోపలే పెట్టావ్ కదా. నువ్వే చెప్పావ్, సైన్స్ ఫెయిర్‌కి. వన్ వేరియబుల్ ఎట్ ఎ టైమ్ అని. ఏం చేంజ్ చేసావ్?"

నా చూపు ఫ్రిజ్ మీది కార్డు వైపు పోయింది.

"ఐ ట్రస్టెడ్ వన్ ఫుడ్, అమ్మా. వన్." స్కేలు కౌంటర్ మీద పెట్టి గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ తరువాత రెండు వారాలు బిస్కెట్ ముట్టలేదు. మిగతా తిండి కూడా తగ్గింది. రెండో బుధవారం క్లినిక్‌లో అంకె కిందికి దిగింది. వచ్చే బుధవారానికి ఇంకా దిగితే చేర్చుకుంటామన్నారు. "చెప్పి ఉండాల్సింది," అన్నారు మా ఆయన కారులో. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

గురువారం ఆ చిన్న త్రాసును తుడుస్తూ, దాన్ని ఎందుకు కొన్నానో గుర్తు తెచ్చుకున్నాను. రెండేళ్ళ క్రితం నేను బరువు తగ్గాలనుకున్నప్పుడు నా అన్నం తూచుకోవడానికి కొన్నాను. రోజూ పొద్దున నా బరువు ఒక నోటుపుస్తకంలో రాసేదాన్ని. తగ్గిన రోజు వంటింట్లోకి వచ్చి గట్టిగా చెప్పేదాన్ని. పదమూడేళ్ళ పిల్ల పక్కనే సీరియల్ తింటూ, "గుడ్ జాబ్, అమ్మా," అనేది. ఇదే మూలమని తేల్చడానికి నా దగ్గర ఆధారం లేదు. కాదనడానికీ లేదు.

శనివారం కొత్త కార్డు రాశాను. వెన్న తొంభై గ్రాములు. కొబ్బరినూనె ముప్ఫై అయిదు. ఓట్స్ నూట నలభై. ఆమె తలుపు తట్టి, చేసినదంతా విడతల వారీగా చెప్పాను. నోటుపుస్తకం సంగతి కూడా చెప్పాను.

"అదే కొలతతో ఇప్పుడు చేస్తున్నాను. త్రాసు నువ్వు చూడు."

"నేను తినను."

"తినమని అడగలేదు. చూడమన్నాను."

వచ్చి, కౌంటర్‌కు ఆనుకుని నిలబడింది. నూనె పోస్తుంటే, "థర్టీ ఫోర్... థర్టీ ఫైవ్. ఆపు," అంది. కొత్త కాగితం పరిచాను. పదకొండు నిమిషాలూ ఇద్దరం ఓవెన్ అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాం. మా ఆయన గుమ్మం దాకా వచ్చి, టీ మాట ఎత్తకుండా వెనక్కి వెళ్ళిపోయారు.

చల్లారాక ఆమె అడిగింది, "నువ్వు తింటావా? నువ్వెప్పుడూ తినలేదు. కార్నర్ విరిచి టెస్ట్ చేస్తావ్, అంతే."

అది నిజం. ఇన్ని వారాల్లో ఒక్కటైనా పూర్తిగా తినలేదు. అడిగిన ప్రతిసారీ షుగర్ అనో, ఏకాదశి అనో తప్పించుకున్నాను. ఒకటి తీసుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. అంచు కరకరలాడింది, నడిమి భాగం పళ్ళకు సాగింది. తీపి నేననుకున్నదానికన్నా ఎక్కువ. మొత్తం తిన్నాను. ఆమె నా నోటివైపే చూస్తూ కూర్చుంది.

అప్పుడు ఒకటి తీసి రెండుగా విరిచింది. త్రాసు ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉంది. దానివైపు ఒకసారి చూసి, ఒక సగాన్ని పళ్ళెంలో పెట్టి, రెండో సగం చివర కొరికింది.

"ఆయిలీగా ఉంది," అంది.

"ఉంటుంది."

బుధవారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆ సగం తినడానికి ఆమెకు ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. గడియారం నా వెనుక గోడకు ఉంది. నేను తిరిగి చూడలేదు.